చక్రాల ఇంట్లో తల్లీ కూతుళ్ళు

కూతురి కాపురం కళ్ళారా చూడాలని ఏ తల్లికి ఉండదు! వెనకటి రోజుల్లో పిల్లను పొరుగూరికిచ్చి, సంక్రాంతికో శ్రావణమాసానికో వెళ్ళి, నాలుగు రోజులుండి, వియ్యపురాలితో నాలుగు మంచి మాటలూ ఒక ఎత్తిపొడుపు మాటా మాట్లాడి, దొడ్లో కాసిన పొట్లకాయలు సంచిలో వేసుకుని తిరిగి వచ్చేవారు. ఇప్పుడు ఆ పొరుగూరు కాస్తా అమెరికా అయింది. గూడుబండి పోయి విమానం వచ్చింది. నాలుగు రోజుల మకాం ఆరు నెలలయింది.

ఆరు నెలలని ఎందుకంటున్నామంటే, సందర్శకుల వీసా మీద వెళ్ళేవారికి అక్కడి అధికారులు సాధారణంగా ఒక్కొక్క రాకకు ఇచ్చే గడువు అది. వినడానికి ఎంతో కాలంలా తోస్తుంది. కాని లెక్క వేసి చూడండి. నూట ఎనభై రోజుల్లో కూతురు ఉద్యోగానికి పోయే రోజులు తీసివేస్తే మిగిలేవి యాభై రెండు శని, ఆదివారాలు. వాటిలో వారానికి సరిపడా సరుకులు తేవడం ఉంది, బట్టలుతకడం ఉంది, పిల్లల ఈత పాఠాలున్నాయి, తెలిసినవారింట పుట్టినరోజు విందులున్నాయి. తల్లి పురిటికని వెళ్ళిందా, పగలేదో రాత్రేదో ఇద్దరికీ తెలియదు. ఒకే కప్పు కింద ఆరు నెలలుండి కూడా, తీరిగ్గా ఒక పూట కూర్చుని మాట్లాడుకోకుండానే విమానం ఎక్కే రోజు వచ్చేస్తుంది.

దీనికి తోడు మరో సంగతి. ఆ ఇంట్లో తల్లి చుట్టం. పొయ్యి ఎలా వెలిగించాలో, గిన్నెలు తోమే యంత్రంలో ఏ సబ్బు వేయాలో, ఏ తలుపు తీస్తే ఏ గంట మోగుతుందో కూతురు చెప్పాలి. వీధిలోకి వెళ్ళాలంటే కారు కావాలి, కారు నడపడానికి మనిషి కావాలి. నలభై ఏళ్ళు సంసారం ఈదుకొచ్చిన ఇల్లాలు అక్కడ చిన్నపిల్ల అయిపోతుంది. కూతురు పెద్దదైపోతుంది. ఈ తారుమారు ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది. పైకి మాత్రం ఎవరూ అనరు.

అలాంటి తల్లీ కూతుళ్ళు నాలుగైదు రోజులు ఇల్లూ ఆఫీసూ వదలిపెట్టి, అడవిలో మకాం వేయడానికి అమెరికాలో ఒక చక్కని సాధనం ఉంది. దాన్ని అక్కడ 'ఆర్. వి.' అంటారు. రిక్రియేషనల్ వెహికిల్ అన్న మాటకు పొట్టిపేరు. మనం విహార వాహనం అనుకోవచ్చు. చక్రాల ఇల్లు అంటే ఇంకా బాగా తెలుస్తుంది.

బండా, ఇల్లా?

ఇందులో పెద్దా చిన్నా రకాలు చాలా ఉన్నాయి. ఏ తరగతి బండి బస్సంత ఉంటుంది. బి తరగతిది వ్యానంత. ఈ రెండింటికీ మధ్య సి తరగతి: లారీకి ముందున్నట్టు డ్రైవరు గది, దాని వెనక ఇల్లు, డ్రైవరు నెత్తిమీద అటకలాగా ఒక పడక. ఇవి కాక, కారు వెనక తగిలించి లాక్కుపోయే ట్రైలర్లు వేరే ఉన్నాయి. అద్దెకు తీసుకునేవారు తరచు ఎన్నుకునేది సి తరగతి బండి. ఇరవై అయిదు అడుగుల బండిలో మూడు పొయ్యిలు, అలమర, సింకు, గ్యాసు మీదా కరెంటు మీదా పనిచేసే ఫ్రిజ్, రాత్రికి మంచంగా మారే భోజనాల బల్ల, వెనక ఒక పడక, మనిషి తిరగడానికి చాలీచాలని స్నానాల గది అన్నీ అమరి ఉంటాయి. మామూలు కారు లైసెన్సు ఉంటే చాలు, ఇలాంటి బండి నడపవచ్చు.

ఈ ముచ్చట అమెరికావారికి నిన్న మొన్న పుట్టింది కాదు. 1910లో పియర్స్ ఏరో అనే మోటారు కంపెనీ న్యూయార్కు ప్రదర్శనలో 'టూరింగ్ లాండో' అనే బండిని పెట్టింది. అందులో వెనక సీటు మడిస్తే పడక అయ్యేది. డ్రైవరు సీటు వెనక మడతపెట్టే సింకు ఉండేది. అంతకు ఏడాది ముందే, 1909 జూన్ 9న, ఆలిస్ రామ్సే అనే ఇరవై రెండేళ్ళ ఇల్లాలు మరి ముగ్గురు స్త్రీలను వెంటబెట్టుకుని న్యూయార్కులో కారెక్కి, 59 రోజుల్లో దేశానికి ఆ చివరనున్న శాన్ ఫ్రాన్సిస్కో చేరుకుంది. ఆ ముగ్గురిలో ఒక్కరికీ కారు నడపడం రాదు. అమెరికా ఖండాన్ని కారులో ఈ చివరి నుంచి ఆ చివరికి దాటిన మొదటి స్త్రీ ఆమే. ఆడవాళ్ళు తమంతట తాము రోడ్డు మీద పడడానికి అక్కడ నూరేళ్ళకు మించిన చరిత్ర ఉందన్నమాట.

తరువాత 1956 చట్టంతో దేశమంతటా విశాలమైన జాతీయ రహదారులు పడ్డాయి. 1962లో మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్ ఊళ్ళో, ఎల్లోస్టోన్ నది ఒడ్డున, బాటసారులు బండి నిలుపుకుని రాత్రి గడపడానికి ఒక మకాం వెలిసింది. 'కె. ఓ. ఏ.' అనే పేరుతో నేడు అమెరికా అంతటా కనిపించే విడిదులకు అదే మొదలు. 1966లో అయోవా రాష్ట్రంలోని విన్నిబాగో కంపెనీ ఈ బండ్లను కార్లలాగే వరుసలో పెట్టి తయారుచేయడం మొదలుపెట్టడంతో అవి మధ్యతరగతివారికి అందుబాటులోకి వచ్చాయి.

నూట యాభై లీటర్ల సంసారం

మాటవరసకు తెనాలి నుంచి వెళ్ళిన ఒక తల్లిని తీసుకుందాం. భర్త పోయి మూడేళ్ళయింది. కూతురు కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉద్యోగం చేస్తోంది. అల్లుడూ పిల్లలూ ఇంటి దగ్గర ఉండగా, జూలై నెలలో తల్లీ కూతుళ్ళిద్దరే అద్దె బండిలో ఎల్లోస్టోన్ జాతీయోద్యానానికి బయలుదేరారనుకుందాం. దూరం అయిదు వందల మైళ్ళ పైచిలుకు.

బండి ఇచ్చేవాడు ముందుగా చెప్పే పాఠం నీళ్ళ గురించి. ఇలాంటి బండిలో మంచినీళ్ళ తొట్టి నలభై గ్యాలన్లదనుకోండి, అంటే సుమారు నూట యాభై లీటర్లు. అమెరికాలో ఒక మనిషి ఇంట్లో రోజుకు వాడే నీళ్ళు సగటున 82 గ్యాలన్లని అక్కడి ప్రభుత్వ లెక్క. అంటే ఒక్కరికి ఒక్క పూటకు సరిపోయే నీళ్ళతో ఇద్దరు రెండు మూడు రోజులు గడపాలి. వాడిన నీళ్ళు చేరడానికి వేరే తొట్టి, మరుగుదొడ్డికి ఇంకో తొట్టి. వీటిలో ఏది నిండినా సంసారం ఆగిపోతుంది.

ఈ లెక్క వినగానే కూతురి గుండెలు గుభేలుమంటాయి. ఆమె పదిహేనేళ్ళుగా తిప్పితే నీళ్ళు వచ్చే కొళాయిల మధ్య బతుకుతోంది. తల్లికి మాత్రం ఇది పాత కథే. మునిసిపాలిటీ కొళాయి పొద్దున గంటసేపు వచ్చి పోయే వీధిలో, నూతి గిలక దగ్గర వంతుల కోసం నిలబడిన కాలంలో పెరిగిన మనిషి ఆమె. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలకు మొదటి చేయి ఎలా పోయాలో, ఒక చెంబుతో ముఖం, కాళ్ళూ చేతులూ ఎలా కానివ్వాలో, స్నానానికి సబ్బు పెట్టుకునేటప్పుడు కొళాయి ఎందుకు కట్టేయాలో ఆమెకు ఒకరు చెప్పక్కరలేదు. డెన్వర్ ఇంట్లో పొయ్యి వెలిగించడానికి కూతుర్ని పిలిచిన తల్లి, ఇక్కడ కూతురికి గిన్నె కడగడం నేర్పుతుంది.

ఒక్క విషయంలో మాత్రం కూతురి మాటే చెల్లాలి. గిన్నెలు కడిగిన నీళ్ళు బయట చెట్టు మొదట్లో పోస్తానంటుంది తల్లి. జాతీయోద్యానాల్లో అది కూడదు. వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి. ఆ నీళ్ళు తొట్టిలోకే పోవాలి.

ఇక తొట్లు ఖాళీ చేసే పని. విడిదుల్లో దానికోసం ఒక గచ్చు, నేలలో మూతపెట్టిన కన్నం ఉంటాయి. చేతులకు తొడుగులు వేసుకుని, లావుపాటి గొట్టం తగిలించి, ముందు మరుగు తొట్టీ, తరువాత వాడకం నీళ్ళ తొట్టీ వదలాలి. రెండవదాని నీళ్ళతో గొట్టం కడిగినట్టవుతుందని ఆ వరుస. ఎంత జీతగాడైనా, ఎంత పెద్ద బండి కొన్నవాడైనా ఈ పని తన చేతులతోనే చేసుకుంటాడు. ఇంజనీరు చదివిన కూతురు వంగి ఆ గొట్టం పట్టుకుంటే తల్లికి మొదట ముఖం చిట్లుతుంది. తరువాత ఆలోచన వస్తుంది. మన దేశంలో ఈ పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టి, వారినే దూరంగా నిలబెట్టాం. మనిషి చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం చేసుకోవలసి వచ్చింది మనకు. ఎవరి మురికి వారు కడుక్కునే పాఠం అడవిలో ఆ గచ్చు మీద పది నిమిషాల్లో అర్థమవుతుంది.

రోడ్డు మీద మాటలు

డెన్వర్ నుంచి వాయోమింగ్ రాష్ట్రంలోకి వెళ్ళాక లారమీ, రాలిన్స్ ఊళ్ళ మధ్య గాలి విపరీతం. పన్నెండడుగుల ఎత్తు బండిని పక్కకు తోసేస్తుంది. కూతురు రెండు చేతులా స్టీరింగు పట్టుకుని నిదానంగా నడపాలి. తల్లి పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. బండిలో వంటిల్లుంది కదా అని నడుస్తుండగా లేచి కాఫీ కలపడానికి వీల్లేదు. 1954లో వచ్చిన 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' అనే హాస్య చిత్రంలో లూసిల్ బాల్ నడుస్తున్న ట్రైలర్లో వంట చేయబోయి పడిన పాట్లు చూసి ప్రేక్షకులు పగలబడి నవ్వారు. నిజంగా పడితే నవ్వు రాదు.

రాలిన్స్ నుంచి లాండర్, అక్కడి నుంచి డుబాయిస్, ఆ పైన తొమ్మిది వేల అయిదు వందల అడుగులకు మించిన టోగ్వటీ కనుమ. ఊళ్ళు పలచబడతాయి. సెల్‌ఫోను మూగదవుతుంది. ఆఫీసువాళ్ళ పిలుపు రాదు, తెనాలి నుంచి ఆడపడుచు ఫోనూ రాదు. ఎదురుగా గంటలకొద్దీ ఒకటే రోడ్డు. ఇద్దరి చూపూ రోడ్డు మీదే. ఎదురెదురుగా కూర్చుంటే నోట రాని మాటలు పక్కపక్కన కూర్చుంటే వస్తాయన్నది బండి తోలే మన రైతులకు తెలిసిన విషయమే.

ఇలా సాగుతాయనుకోండి మాటలు.

"రాత్రిపూట ఆ ఇంట్లో ఒక్కదానివీ భయం వేయదుటే అమ్మా?"

"నా ఇంట్లో నాకు భయమేమిటే? నాకు మీ ఇంట్లో పగటిపూట వేస్తుంది. మీరంతా వెళ్ళాక, గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు."

పది మైళ్ళ దాకా మాట ఉండదు. తరువాత తల్లే అంటుంది: "నన్ను ఇక్కడే ఉండిపొమ్మని మాత్రం అడగకు. నువ్వడిగితే కాదనలేను."

"మరి నీకు ఒంట్లో బాగాలేకపోతే?"

"చెబుతాను."

"ఎప్పుడైనా చెప్పావా? కంటి ఆపరేషను సంగతి అయిపోయిన వారానికి కదూ చెప్పావు!"

తల్లి కిటికీలోంచి బయటకు చూస్తుంది. "ఈసారి ముందే చెబుతాలే. నువ్వు మాత్రం ఆ ఇల్లు అమ్మేయమనకు."

ఇద్దరిలో ఎవరు ఎవరికి ఎంత లొంగారో లెక్క తేలదు. కాని ఒకరికి ఏం కావాలో రెండవవారికి తెలిసింది. విదేశాల్లో పిల్లలున్న ఏ ఇంటికైనా నేడు ఇదే పెద్ద ప్రశ్న: అమ్మ ఎక్కడుండాలి? ఈ ప్రశ్నను అన్నదమ్ములు ఫోన్లలో చర్చిస్తారు, అల్లుళ్ళు మర్యాద కోసం తప్పుకుంటారు, అమ్మను మాత్రం చివరికి అడుగుతారు. అదీ విమానాశ్రయంలో, సామాను తూకం వేస్తుండగా! అంత మాట అక్కడ తేలేది కాదు. దానికి తీరిక కావాలి, మధ్యలో లేచిపోవడానికి వీల్లేని చోటు కావాలి.

అలగడానికి గది లేదు

దీన్నిబట్టి ప్రయాణమంతా తేనెలో ముంచినట్టు సాగుతుందనుకోకండి. తల్లీ కూతుళ్ళు పోట్లాడుకోకుండా ఉంటారా? "ఆ జుట్టేమిటే, అలా విరబోసుకున్నావు?" అని ఒకరు, "నేను నడుపుతుంటే నువ్వు బ్రేకు తొక్కకమ్మా" అని ఒకరు. కాగితం మీద రాసుకున్న సరుకుల్లో చింతపండు మరిచిపోయినది ఎవరన్నదానిపై ఒక అరగంట. మామూలు ఇంట్లో అయితే ఒకరు మేడ మీదికి, ఒకరు పెరట్లోకి పోతారు. ఇక్కడ విసురుగా వేసుకోవడానికి ఉన్న తలుపు స్నానాల గదిది ఒక్కటే, అందులో అయిదు నిమిషాలు కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. బండి ఒరగకుండా చక్రాల కింద దిమ్మలు పెట్టేటప్పుడు ఒకరు లోపల ఉండి ముందుకు, వెనక్కు పోనివ్వాలి, మరొకరు బయట నిలబడి చేయి ఊపాలి. ఆ పని మాట్లాడుకోకుండా చేయలేరు. అందుకని ఈ ఇంట్లో అలక పొద్దుగూకేదాకా సాగదు.

అడవిలో పప్పుకూడు

గ్రాండ్ టీటన్ ఉద్యానంలో, జాక్సన్ సరస్సు ఒడ్డున కోల్టర్ బే అనే విడిదిలో, కొళాయీ కరెంటూ తగిలించుకునే ఏర్పాటు లేని చోట రెండు రాత్రులు. ఆ పైన ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జి దగ్గర అన్ని ఏర్పాట్లూ ఉన్న చోట రెండు రాత్రులు. మన ప్రయాణికుల పథకం ఇది. ఫిషింగ్ బ్రిడ్జి విడిదిలో గుడారాలను రానివ్వరు. గుడ్డ గోడలున్న ట్రైలర్లనూ రానివ్వరు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు గనుక గట్టి గోడల బండ్లకే ప్రవేశం.

ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడింది. ప్రపంచంలో మొట్టమొదటి జాతీయోద్యానంగా పేరు పొందింది. విస్తీర్ణంలో 2022లో విడగొట్టక ముందున్న మన కృష్ణాజిల్లా కంటే కాస్త పెద్దదే. వేడినీటి బుగ్గలు, రంగురంగుల మడుగులు, గంటన్నరకు అటూ ఇటూగా నూరడుగులకు పైగా ఎగజిమ్మే 'ఓల్డ్ ఫెయిత్‌ఫుల్' ధార, మందలుగా తిరిగే అడవి దున్నలు: వీటిని చూడడానికే లోకమంతా అక్కడికి వెళుతుంది. దున్నలకు 25 గజాలు, ఎలుగులకూ తోడేళ్ళకూ 100 గజాలు ఎడంగా ఉండాలని నియమం. పశువులను చూసి "ఓహో" అంటూ దగ్గరికి వెళ్ళబోయే తల్లిని కూతురు కొంగు పట్టుకుని ఆపవలసి వస్తుంది.

వంట దగ్గర మళ్ళీ రాజ్యం తల్లిదే. సముద్రమట్టానికి సుమారు 7,700 అడుగుల ఎత్తున నీళ్ళు నూరు డిగ్రీల దాకా వేడెక్కవు. 92 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. ఎసరు తెర్లుతున్నట్టే ఉంటుంది, కందిపప్పు మాత్రం రాయిలాగా ఉండిపోతుంది. కుక్కరు మూత బిగించి ఆవిరిని అణచిపెడితే లోపల వేడి పెరిగి పప్పు మెత్తబడుతుంది. మామూలు కంటే ఒకటి రెండు కూతలు ఎక్కువ రానివ్వాలి. "బరువు, ఎందుకు?" అని కూతురు వద్దంటున్నా డెన్వర్‌లో కుక్కరును సామానులో సర్దిన తల్లి, ఆ పూట ఏమీ అనకుండా పప్పు వడ్డిస్తుంది. ఆ అనకపోవడంలోనే ఉంది అంతా.

పోపు పెట్టేముందు పైకప్పు గవాక్షం తెరిచి, పంఖా వేయాలి. లేకపోతే ఎండుమిరపకాయ ఘాటుకు పొగను పసిగట్టే గంట గొల్లున మోగి విడిదిలో అందరినీ లేపుతుంది. అగరువత్తికీ అదే గతి. ఆవకాయ జాడీ, నూనె సీసా, తిన్న కంచం, ఏవీ బయట బల్ల మీద వదలకూడదు. ఎలుగుకు గుంటూరు కారం పడదని ధీమా పనికిరాదు.

అరుంధతి కనిపించిందా?

ఆ ప్రాంతంలో జూలైలో పొద్దుగూకేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. దీపం పెట్టే వేళ ఏదో తేల్చుకోలేక తల్లి రెండుసార్లు బయటికి వచ్చి చూస్తుంది. చుక్కలు బాగా పొడవడానికి పదకొండు కావాలి. వేసవి నడిమధ్యన కూడా రాత్రి చలి ఉన్ని శాలువా అడుగుతుంది. అయినా శాలువా కప్పుకుని కాసేపు మేలుకోవడం దండుగ కాదు. ఊళ్ళ వెలుగు సోకని ఆ ఆకాశంలో చుక్కలు జల్లెడలోంచి పోసినట్టుంటాయి.

ముందు ధ్రువనక్షత్రం. తెనాలిలో అది ఉత్తరాన కొబ్బరిచెట్ల వెనక 16 డిగ్రీల ఎత్తున తచ్చాడుతుంది. ఎల్లోస్టోన్‌లో 44 డిగ్రీలు దాటి పైకెక్కి ఉంటుంది. ఏ చోట నిలబడితే ఆ చోటి అక్షాంశం ఎంతో, ధ్రువుడు సుమారుగా అంత ఎత్తున కనిపిస్తాడు. కూతురు ఎంత దూరంగా కాపురం ఉంటోందో విమానంలో నిద్రపోయిన తల్లికి తెలియకపోయినా, ఈ చుక్క చెబుతుంది.

తరువాత సప్తర్షులు. తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, ఆయనను ఆనుకుని మసకగా అరుంధతి. పెళ్ళిలో పురోహితుడు "అరుంధతి కనిపించిందా అమ్మా?" అని అడిగితే, కల్యాణమంటపం దీపాల వెలుగులో ఏమీ కనిపించకపోయినా "కనిపించింది" అనని పెళ్ళికూతురు ఎక్కడా ఉండదు. పన్నెండేళ్ళ తరువాత, కంటి ఆపరేషను అయిన తల్లి వేలు పెట్టి చూపిస్తే, కూతురు మొదటిసారి నిజంగా చూస్తుంది.

"నీ పెళ్ళిలో నీకు కనిపించిందా అమ్మా?"

"కనిపించింది. మా పెళ్ళినాటికి మా ఊరికి కరెంటు లేదు."

అక్కడి నుంచి నాన్న సంగతి వస్తుంది. మూడేళ్ళుగా ఇద్దరూ ఒకరి ముందు ఒకరు ఎత్తకుండా దాటవేసిన సంగతి. విడిదుల్లో చాలాచోట్ల రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా చప్పుడు చేయరాదని నియమం. గొంతు తగ్గించుకుని మాట్లాడుకోవడానికి, మాట మధ్యలో ఏడుపు వస్తే ఆపుకోకుండా ఉండడానికి ఆ నియమం అడ్డు రాదు.

వెళ్ళదలచినవారికి

ఇది చవక విహారమని మాత్రం అనుకోవద్దు. అద్దె కాక, కొన్నిచోట్ల మైలుకు ఇంత అని, జనరేటరు నడిపిన గంటకు ఇంత అని వసూలు చేస్తారు. ఇలాంటి బండి గ్యాలను పెట్రోలుకు ఎనిమిది, పది మైళ్ళకు మించి పోదు. విడిదిలో చోటుకు రోజు కిరాయి వేరు. అన్నీ కలిపితే కారులో వెళ్ళి హోటల్లో దిగినంతా అవుతుంది, కొన్నిసార్లు ఎక్కువే అవుతుంది. అంత పెట్టలేనివారికి గుడారం ఉంది, అద్దె కొయ్యగుడిసె ఉంది. ముఖ్యం మకాం, బండి కాదు.

పెద్దవారితో వెళ్ళేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. అటక పడకకు నిచ్చెన ఎక్కాలి గనుక అది కూతురికి, వెనక పడక తల్లికి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు ఎత్తు ప్రదేశాలకు వెళ్ళేముందు వైద్యుణ్ణి అడగాలి. రక్తపోటు మాత్రలు పది రోజులకు సరిపడా చేతిసంచిలో ఉండాలి. బండిలో గ్యాసు కారినా, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరినా మోగే గంటలు పనిచేస్తున్నాయో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి. ఫోను పలకదు గనుక రోడ్ల పటం కాగితం మీద ఉండడం మంచిది. పటం చూసి దారి చెప్పే పని తల్లికి అప్పగించండి. అక్షరాలు పెద్దవిగా ఉన్నది తెచ్చుకుంటే సరి. ప్రతి ఉదయం కదిలే ముందు అలమరల గడియలు, పైకప్పు గవాక్షం, మెట్టు, గొట్టాలు సరిచూసుకోవాలి. తీర్థానికి వెళుతూ ఇంటికి మూడుసార్లు తాళం లాగి చూసే అలవాటున్న తల్లులు ఈ పనిలో దిట్టలు.

ఎల్లోస్టోన్ వంటి చోట్ల జూలై, ఆగస్టు నెలలకు విడిదులు ఎన్నో నెలల ముందే నిండిపోతాయి. అందుచేత అమ్మకు విమానం టిక్కెట్టు కొన్ననాడే విడిదికీ చోటు అడిగి ఉంచుకోవాలి. టిక్కెట్టు మీద తిరుగు ప్రయాణం తేదీ ఎలాగూ ఉంటుంది. దానికి ముందు అయిదు రోజులు ఎవరికీ ఇవ్వకుండా గీత గీసి పెట్టుకుంటే, ఆరు నెలల్లో ఆ అయిదు రోజులైనా అమ్మతో గడిపినట్టవుతుంది.